ఆదివారం కూట్టంలో లోకేశ్వరి

“బ్యాగు సర్దుకొని మా ఇంటికి వచ్చేస్తానంటివి. సరే, రమ్మంటిని. ఇప్పుడేమో నాయన కూట్టానికి పోదామంటావు. నీ మనసులో ఏముండాదో చెప్పమ్మా!”

ఆర్తి వాకిలికి అడ్డంగా నిలబడింది. ఆదివారం పొద్దున ఆరున్నర. నాయన చెంగల్రాయన్ అప్పటికే కూట్టానికి, వారం వారం వెళ్ళే ఆ తత్వచర్చ సభకు, వెళ్ళిపోయాడు. కురుచికుప్పం వైపు నుంచి చేపల బుట్టల స్కూటర్లు వీధిలో హారన్లు మోగిస్తూ పోతున్నాయి.

లోకేశ్వరి అద్దం ముందు నిలబడి కొప్పులో పిన్నులు గుచ్చుకుంటోంది. మంగళవారం మెడలో సూది గుచ్చిన చోటికి చెయ్యి పోయింది, మళ్ళీ కిందికి దిగింది. మంచం మీద రెండు వస్తువులున్నాయి. ఒకటి జిప్పు వేసిన బ్యాగు. రెండోది నీలం అట్ట నోటుబుక్కు.

“బ్యాగు నీ ఇంటికి. బుక్కు కూట్టానికి,” అంది లోకేశ్వరి. “రెండూ ఈ దినమే అయిపోవల్ల.”

“పదిమందిలో నాయన పరువు తీస్తావా?”

“నా సావు రాసిపెట్టుకొన్నాడు మీ నాయన. అప్పుడు పోలేదా పరువు?”

ఆర్తి చూపు మంచం మీది నోటుబుక్కు మీద పడింది.

బుధవారం లోకేశ్వరి పాత పేపర్లు తీసి కట్ట కడుతుంటే మధ్యలో నుంచి ఆ నోటుబుక్కు జారిపడింది. మొగుడి చేతిరాత. తాతల కాలం నుంచి పుదుచ్చేరిలో స్థిరపడిన కుటుంబం కదా, ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. తెలుగు అక్షరం ఎవరికీ రాదు. చెంగల్రాయన్ తన తెలుగునే తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు, కూట్టంలో పక్కవాడు తొంగిచూసినా అర్థం కాకూడదని. పక్కవాడికైతే అర్థం కాదు. మరి పెళ్ళానికో? అంత తత్వం చదివిన ఆయనకు ఇంత చిన్న ఆలోచన ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి పేజీ పైన ‘లోకేశ్వరి లేని మొదటి రోజు’ అని ఉంది. కింద వరసగా: అయిదింటికి లేవాలి. పాలు అరలీటరు చాలు. ఆమె చెప్పులు పనామెకు ఇచ్చెయ్యాలి. ఏడవకూడదు, ఇది మన చేతిలో ఉన్నది కాదు.

లోకేశ్వరి అక్కడే బుక్కు మూసేసింది. ముందు రోజే మెడలో గడ్డకు సూది వేయించుకుని, రిపోర్టులో ఏం వస్తుందోనని గుండె చిక్కబట్టుకున్న మనిషి. ఆ మనిషి చేతిలో ఆ పేజీ పడింది.

సాయంత్రం చెంగల్రాయన్ వచ్చాడు. ఆమె చేతిలో బుక్కు చూశాడు. గొంతు ఎత్తకుండా, బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. “అది అభ్యాసం లోకా. కూట్టంలో ఇచ్చిన పని. పోగొట్టుకొన్నట్టు తలుచుకొంటే ఉండేదాని విలువ తెలుస్తాది.” లోకేశ్వరి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పటి నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు.

“బుక్కు సంగతి సరే. రిపోర్టు సంగతేంది?” ఆర్తి గొంతు తగ్గించింది. “శుక్రవారమే వచ్చేసింది. గడ్డ మంచిదే, భయపడే పనే లేదని డాక్టరమ్మ మన ముందరే చెప్పింది. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని ఏడ్చినా. నువ్వేమో నాయనకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకొంటివి. ఆయన సోమవారం వస్తాదనుకొని కాచుకొని ఉండారు. పాపం కదమ్మా?”

“ఎవురు పాపం? గోడ తట్టు తిరుక్కొని మహా నిమ్మళంగా పడుకొంటా ఉండాడు.”

“పడుకొంటే నిద్రపోయినట్టా?”

“ఆర్తీ, నాకు ఒకే ఒక మాట కావల్ల.” లోకేశ్వరి కూతురి వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది. “గడ్డ చూపించిన దినం ఏమన్నాడు? మన చేతిలో లేదు లోకా అన్నాడు. సూది వేసిన దినం? అదే. నేను పోతానేమోనని ఈ మనిషికి భయముండాదా లేదా? ముప్పై నాలుగేండ్లు కాపురం చేసినా, నాకు తెలుసుకొనే హక్కు లేదా? భయమేస్తా ఉండాదని ఒక్క మాట అనమను. ఆ నిమిషమే రిపోర్టు చెప్పేస్తా.”

“అనకపోతే?”

“అనకపోతే నేను నీ ఇంట్లో. ఆయన ఆ గ్రీకోళ్ళతో.”

ఆర్తి పక్కకు తప్పుకుంది. తప్పుకోక ఏం చేస్తుంది? బ్యాగు తానే భుజానికి తగిలించుకుంది.

బీచ్ రోడ్డు మీద ఏడున్నర దాకా బండ్లను పోనివ్వరు. తల్లీ కూతుళ్ళు నడిచే వెళ్ళారు. వ్యాయామానికి వచ్చినవాళ్ళంతా చేతులు ఊపుతూ ఎదురొస్తుంటే, లోకేశ్వరి నోటుబుక్కును పొట్టకు అదిమి పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా నడిచింది.

ఇందులో ఒక చిక్కుంది, చెప్పకపోతే ఆ కూట్టానికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. మొదట్లో ఆ కూట్టమంటే లోకేశ్వరికే ప్రాణం. చెంగల్రాయన్ కరెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కి పనిచేసిన మనిషి. కోపం ముక్కు మీద. రిటైరయ్యాక ఆ కోపమంతా సాంబారు మీదికీ, పక్కింటివాళ్ళ టీవీ మీదికీ మళ్ళింది. ఏడాదిన్నర కిందట ఎవరో తీసుకెళితే కూట్టానికి వెళ్ళాడు. స్టోయిక్ తత్వమట. రెండు వేల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో పుట్టిందట. మన చేతిలో ఉన్నది చెయ్యి, లేనిదాని గురించి కుమిలిపోకు అంటుందట. నాలుగు వారాల్లో సాంబారులో ఉప్పెక్కువైనా నోరెత్తడం మానేశాడు. లోకేశ్వరి ఇంట్లో నుంచే ఆ కూట్టం ఉన్న దిక్కుకు దండం పెట్టింది.

ఆ చల్లదనం తన మెడలో గడ్డ దాకా వస్తుందని ఆమె అనుకోలేదు.

* * *

పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లో రంగమ్మాళ్ గెస్ట్‌హౌస్ వెనక పెరట్లో కూట్టం జరుగుతుంది. ఏడింటికి మొదలు. తొమ్మిదికి అతిథులు టిఫిన్‌కి దిగుతారు కాబట్టి ఆలోగా ముగించాలి. రంగమ్మాళ్‌కు డెబ్బై ఆరేళ్ళు. ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ, ఆమెదీ తెలుగిల్లే. మిగతావాళ్ళు తమిళులు. మాటలు తమిళంలోనే సాగుతాయి, మనం మన భాషలో విందాం.

ఆ కూట్టానికి ఒకటే కట్టుబాటు. ఎవరితోనైనా వాదం పెట్టుకోవాలంటే ముందు ఎదుటి మనిషి పక్షాన్ని నువ్వే చెప్పాలి. ఆ మనిషి విని ‘అదే’ అనాలి. ఆ తర్వాతే నీ మాట. అనకపోతే మళ్ళీ చెప్పాలి. దీనివల్ల కొన్ని వాదాలు మొదలవకుండానే ముగిసేవి. రంగమ్మాళ్‌కు కావలసిందీ అదేనేమో.

లోకేశ్వరి గేటు తోసుకుని వచ్చేసరికి చెంగల్రాయన్ బెంచీ మీద నుంచి లేచి ఏదో చెబుతున్నాడు. భార్యను చూశాడు. ఆమె చేతిలో బుక్కు చూశాడు. వెనక కూతురి భుజాన బ్యాగు చూశాడు.

“రా అమ్మా లోకేశ్వరీ, కూర్చో,” అంది రంగమ్మాళ్ తెలుగులో.

“కూర్చొనేకి రాలే టీచరమ్మా. మీరు ఇచ్చిన పాఠం మా ఇంటాయన ఎంత బాగా చేసినాడో అందరికీ చదివి చూపించల్ల.”

“లోకా, ఇంటికి పోయి మాట్లాడుకొందాం,” అన్నాడు చెంగల్రాయన్.

“ఇంట్లో మాటలుండాయా మనకు?”

పెరట్లో పది మంది ఉన్నారు. పది మందీ తమ కాళ్ళ వేళ్ళ వైపు చూసుకున్నారు. రంగమ్మాళ్ మాత్రం కంగారుపడలేదు.

“మా కట్టుబాటు నీకు తెలుసు కదమ్మా. ముందు ఆయన పక్షం చెప్పు.”

“ఆయన పక్షమా?” లోకేశ్వరి నవ్వింది, ఆ నవ్వు చూడడానికి బాగాలేదు. “చెప్తా. పెండ్లాం పోతే పోనీ, నేను చల్లగా ఉండల్ల. పాలు తగ్గించుకొని, చెప్పులు పనామెకిచ్చి, నా పాటికి నేనుండల్ల. ఇదే ఆయన పక్షం.”

అందరూ చెంగల్రాయన్ వైపు చూశారు.

“కాదు,” అన్నాడు ఆయన.

“ఏంది కాదు? మీ చేత్తో రాసిందే కదా!”

“కాదు లోకా.”

“సరే, ఇదిగో.” లోకేశ్వరి దగ్గరగా కూర్చున్న ఆదిమూలం ఒళ్ళో నోటుబుక్కు పెట్టేసి, తమిళంలో చెప్పింది. “మీరు చదవండన్నా. మొదటి పేజీలో పైన నాలుగు ముక్కలు నేను చదివినా. మిగతాది మీరు చదవండి, పదిమంది వింటారు.”

ఆదిమూలం రిటైరైన పోస్ట్‌మాన్. జీవితమంతా ఇతరుల ఉత్తరాలు మోసిన మనిషే గాని ఒక్కటీ విప్పి చదివినవాడు కాదు. ఆయన రంగమ్మాళ్ వైపు చూశాడు, చెంగల్రాయన్ వైపు చూశాడు. చెంగల్రాయన్ తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. ఆదిమూలం కళ్ళజోడు పెట్టుకున్నాడు.

చదవడం మొదలుపెట్టాడు. అక్షరాలు తమిళమే, మాటలే ఆయనవి కావు. ఒక్కో ముక్క కూడబలుక్కుంటూ, రైల్వే స్టేషన్లో ఊళ్ళ పేర్లు చెప్పినట్టు చదివాడు. తాను ఏం చదువుతున్నాడో ఆయనకే తెలియదు. పెరట్లో తెలిసింది నలుగురికే.

“అయిదింటికి లేవాలి. పాలు అరలీటరు చాలు...”

లోకేశ్వరి గోడ వైపు తిరిగింది. చెంగల్రాయన్ కళ్ళు మూసుకున్నాడు. తన మాటలు తనకు పరాయివాడి నోట వినిపిస్తున్నాయి.

“ఎనిమిది. హోటల్లో ఇడ్లీ. తొమ్మిది. పేపరు. పది. బట్టలు ఆరెయ్యాలి. పదకొండు...” ఆదిమూలం ఆగాడు. పేజీ తిప్పాడు. “ఇక్కడితో అయిపోయింది. కింద ఏమీ లేదు. తర్వాత పేజీలో మళ్ళీ మొదటి నుంచి ఉంది.”

“చదవండి,” అంది లోకేశ్వరి గోడ వైపే ఉండి.

“లోకేశ్వరి లేని మొదటి రోజు. అయిదింటికి లేవాలి. పాలు వద్దు. ఆరు. వాకిలి ఊడవాలి, ముగ్గు వెయ్యడం రాదు. ఎనిమిది. ఆకలి లేదు. పది. పదకొండు...” మళ్ళీ ఆగాడు. “ఇదీ ఇంతే.”

ఇంకో పేజీ. అదీ పదకొండు దగ్గరే. ఇంకోటి. ఆరుసార్లు అదే శీర్షిక, ఆరు వేరు వేరు తేదీలు, ఆరూ పదకొండు గంటలకే నిలిచిపోయాయి. నాలుగోదాంట్లో పదకొండు అని రాసి దాన్ని కూడా కొట్టేసి ఉందని ఆదిమూలం చూపించాడు.

పదకొండు గంటలకు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో లోకేశ్వరికి తెలుసు. ఆయన రిటైరైన నాటి నుంచి ఆ వేళకు రెండు గ్లాసుల కాఫీ పట్టుకుని ఆమె పెరటి మెట్టు మీద కూర్చుంటుంది. వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో అంతా చెబుతుంది. ఆయన ‘ఊరి సంగతులు నాకెందుకే’ అని విసుక్కుంటూనే వింటాడు.

రంగమ్మాళ్ కళ్ళజోడు పైనుంచి చెంగల్రాయన్‌ను చూసింది. ఈసారి తమిళంలోనే అడిగింది. “ఏమండీ, రోజంతా రాశానన్నారు. రాత్రి తొమ్మిదికి ప్రశాంతంగా నిద్రపోయాను, పాఠం పూర్తయింది అని ఈ బెంచీ మీదే చెప్పారు. మేమంతా మిమ్మల్ని మెచ్చుకున్నాం.”

“అబద్ధం చెప్పాను,” అన్నాడు చెంగల్రాయన్.

వేదవల్లి అనే కుట్టుటీచరు ఉండబట్టలేక అందుకుంది. “అసలు మీరు భార్య గురించి ఎందుకు రాశారు సార్? నేను నా కుట్టుమిషను గురించి రాశాను. ఆదిమూలం సారు సైకిలు గురించి రాశారు.”

“సైకిలు పోతే ఎంత బాధో మీకు తెలియదు,” అన్నాడు ఆదిమూలం.

“మీకు అన్నిటికన్నా ఎక్కువ కావలసినదాన్ని పోగొట్టుకున్నట్టు రాయమన్నారు కదా టీచరమ్మ,” అన్నాడు చెంగల్రాయన్ అమాయకంగా. “నేను చెప్పింది చెప్పినట్టు చేశాను.”

లోకేశ్వరి గోడ వైపు నుంచి తిరిగింది. నడిచి వచ్చి ఆదిమూలం ఒళ్ళో నుంచి బుక్కు తీసుకుని చివరి తేదీ చూసింది. వేలు దాని మీద పెట్టింది.

“ఇది పోయిన నెల మూడో తేదీ. ఆ పైన ఒక్క లైనూ రాయలే. ఎందుకు ఆపేసినారు?”

చెంగల్రాయన్ ఆమె వేలు పెట్టిన తేదీ వైపు చూశాడు.

“చెప్పండి. పాఠం వద్దనిపించిందా?”

“నాలుగో తేదీ పొద్దున,” అన్నాడు ఆయన. తెలుగులోకి దిగిపోయాడు, కూట్టాన్ని మర్చిపోయాడు. “నువ్వు అద్దం ముందర నిలబడి, ఈడ చూడండి, మెడలో ఏందో తగలతా ఉండాది అంటివి. నేను చెయ్యి పెట్టి చూసినా. గడ్డ. ముందు దినమే కదా రాసినా... ఆరు తూర్లు రాసినా లోకా, నా చేత్తోనే. నా రాతే నీకు తగిలిందనిపించింది.”

“ఏంది ఆ మాట!”

“పిచ్చి మాటే. నాకు తెలుసు. ఇన్నాళ్ళు ఈడ కూర్చొని నేర్చుకొన్నా, అట్టాంటివి నమ్మేవాణ్ణి కాదు. అయినా అనిపించింది. ఎవురికి చెప్పేది? ఈడ చెప్తే నవ్వుతారు. నీకు చెప్తే నువ్వు హడలిపోతావు. బుక్కు పేపర్ల కింద తోసేసినా. నువ్వు ఏమడిగినా మన చేతిలో లేదు, లేదు అని చెప్తా ఉంటిని. నాకు నేనే చెప్పుకొంటా ఉంటిని. నా చేతిలో లేదు, నేను రాసినందుకు రాలేదు అని.”

ఆయన చెయ్యి బెంచీ అంచును పట్టుకుంది. ముప్పై ఏళ్ళు స్తంభాల మీద పట్టు తప్పని చెయ్యి అది.

“భయమేస్తా ఉండాది లోకా. నెల దినాలుగా భయమేస్తా ఉండాది. రేపు ఆసుపత్రికి ఎట్ట వచ్చేదో నాకు తెలీదు.”

అంతే. ఆమె అడిగిన మాట వచ్చేసింది. తీరా వచ్చాక లోకేశ్వరికి గెలిచినట్టు అనిపించలేదు. సిగ్గేసింది, జాలేసింది, అన్నిటికన్నా ముందు ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంది. పదిమంది చూస్తున్నారని కూడా ఆలోచించలేదు.

“రేపు పోయే పని లేదు,” అంది. “రిపోర్టు శుక్రవారమే వచ్చేసింది. ఏమీ లే. మంచి గడ్డే అంట. ఆరు నెల్లకొకసారి చూపించుకొంటే చాలంట.”

చెంగల్రాయన్ ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత ఆర్తి వైపు చూశాడు. ఆర్తి ఏడుస్తూ తలూపింది. ఆయన బెంచీ మీద కూలబడి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, తత్వం గిత్వం అన్నీ పక్కన పడేసి భోరున ఏడ్చాడు. నిజం చెబుతున్నాను, అంత హాయిగా ఏడ్చిన మనిషిని ఆ పెరట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

“ఏమైంది? ఏమైంది?” అని మిగతావాళ్ళు కంగారుపడ్డారు.

“రిపోర్టులో ఏమీ లేదట,” అని రంగమ్మాళ్ తమిళంలో చెప్పింది. వేదవల్లి చప్పట్లు కొట్టింది. ఎవరో పెరుమాళ్ళకు మొక్కారు. ఇంతకీ తాను చదివిందేమిటో చెప్పమని ఆదిమూలం అందరినీ అడుగుతూనే ఉన్నాడు.

కాసేపటికి చెంగల్రాయన్ తలెత్తాడు. కళ్ళు తుడుచుకున్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టాడు.

“శుక్రవారమా? ఈ దినం ఆదివారం కదా?”

లోకేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“రెండు దినాలు! రెండు దినాలు నన్ను అట్ట పెట్టి...” పాత కోపం ముక్కు మీదికి రానే వచ్చింది. ఏడాదిన్నర తర్వాత దాన్ని చూసి, ఏమంటారో గాని, లోకేశ్వరికి ప్రాణం లేచొచ్చింది.

“ఆగండి,” అంది రంగమ్మాళ్. “ముందు ఆమె పక్షం.”

చెంగల్రాయన్ నోరు మూశాడు. ఆలోచించాడు.

“నేను రాయి మాదిరి కూర్చొని ఉంటిని. రాయికి రిపోర్టు ఎందుకని చెప్పలే. రాయి కాదని తెలిస్తే చెప్పేది.”

“అదే,” అంది లోకేశ్వరి.

“ఇప్పుడు నా మాట చెప్పొచ్చా?”

“చెప్పండి.”

“నాకు ఆకలేస్తా ఉండాది. బుధవారం నుంచి సరిగా తినలే.”

పెరడంతా గొల్లుమంది. రంగమ్మాళ్ లోపలికి కేకేసి, అతిథుల కోసం చేసిన ఇడ్లీల్లో సగం బయటికి తెప్పించింది.

* * *

ఎనిమిదిన్నర దాటింది. చర్చ ఆ రోజుకు చచ్చిపోయింది, ఎవరూ దానికోసం బాధపడలేదు. తెలుగువాళ్ళు నలుగురూ ఒక మూల చేరారు. బ్యాగు బెంచీ కింద పడి ఉంది.

“వచ్చే వారం నుంచి రాను టీచరమ్మా,” అన్నాడు చెంగల్రాయన్. “అబద్ధం చెప్పినా కదా.”

“ఎందుకు రారు?” అంది లోకేశ్వరి. “మీరు ఇంట్లో కూర్చొంటే మళ్ళీ నా సాంబారు మీద పడతారు. వచ్చేది వచ్చేదే. ఏడ్చేటిది మాత్రం ఇంట్లో ఏడవండి, నేను చూడల్ల.”

రంగమ్మాళ్ నవ్వింది. చెంగల్రాయన్ రెండో ఇడ్లీ తుంచి చట్నీలో ముంచుతూ, ఊరికే, కడుపు నిండుతున్న మనిషి అడిగినట్టు అడిగాడు.

“ఏం లోకా, నువ్వెప్పుడన్నా నేను లేనట్టు అనుకొన్నావా?”

“ఎప్పుడన్నానా?” లోకేశ్వరి ఆయన్ని విచిత్రంగా చూసింది. “ముప్పై ఏండ్లు స్తంభాలెక్కినారు మీరు. వానొచ్చినప్పుడంతా అనుకొన్నా. గాలొచ్చినప్పుడంతా అనుకొన్నా. నాకు టీచరమ్మ పాఠం ఇయ్యలే, బుక్కూ లేదు. వంట చేస్తా అనుకొనేదాన్ని.”

“పదకొండు దాకానా?”

“రాత్రి పడుకొనే దాకా. అద్దె ఇల్లు ఖాళీ చేసి యాడికి పోవల్ల, నాకుండే ఎనిమిదో క్లాసు చదువుకు ఎవురు పనిస్తారు, కుట్టుపని ఎన్ని నెల్లల్లో వస్తాది. అంతా అనుకొనేదాన్ని. అంతలో మీరు తడిసిపోయి వచ్చి కాఫీ అనేవారు. లేచి పెట్టేదాన్ని.”

చెంగల్రాయన్ చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ కాఫీ అందించిన మొహాన్ని ఆయన ఎన్నడూ సరిగా చూడలేదు.

ఆర్తికి మాత్రం మనసు తేలికైపోయి ఉంది. రెండు రోజుల ఒట్టు దిగిపోయిన ఆనందంలో ఉంది. నవ్వుతూ అడిగింది.

“సరే, నీ దినంలో నేను యాడుండానమ్మా? నాకేం పని పెట్టినావు?”

లోకేశ్వరి గ్లాసు ఎత్తబోయి ఆగింది.

“నీకప్పుడు రెండేండ్లు,” అంది.

“ఉంటే? యాడుండాను?”

“కిరుమాంబాక్కంలో. అక్క దగ్గర.”

ఆ అక్క పేరు అమ్మాయమ్మ, లోకేశ్వరికి తోబుట్టువు, పుదుచ్చేరికి దక్షిణాన ఆ ఊళ్ళోనే ఉంటుంది. పిల్లల్లేరు. చెల్లెలి మెడలో గడ్డ అని తెలిసిన నాటి నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తూనే ఉంది.

“పెద్దమ్మకు ఇచ్చేసేదానివా నన్ను?” ఆర్తి ఇంకా నవ్వుతూనే ఉంది. “ఊరికే అనుకొన్నావు, అంతే కదా?”

లోకేశ్వరి కూతుర్ని చూడలేదు, మొగుణ్ణి చూసింది.

“ఆ పెద్ద తుఫానప్పుడు మీరు మూడు దినాలు ఇంటికి రాలే. స్తంభం మీద ఒకాయన పోయినాడని వీధంతా చెప్పుకొన్నారు. పేరు ఎవురికీ తెలీదు. ఆఫీసులో అడిగేకి పోతే మనిషి లేడు, ఫోన్లు లేవు. రెండో దినం తెల్లారేసరికి నాకు తెలిసిపోయింది, మీరేనని. బిడ్డను గుడ్డలో చుట్టుకొని కిరుమాంబాక్కం దాకా నడిచినా. అక్క చేతిలో పెట్టినా. ఇంక ఇది నీ బిడ్డే, నన్నడగొద్దు అని చెప్పి తిరిగి చూడకుండా వచ్చేసినా.”

రంగమ్మాళ్ లేచి, గ్లాసులు ఏరే నెపం మీద దూరంగా వెళ్ళిపోయింది.

“మూడో దినం మీరొచ్చినారు. బిడ్డ యాడ అని అడిగినారు. అక్క ఇంట్లో ఆడుకొంటా ఉండాదని చెప్పినా.”

“మరుసటి దినం తెచ్చుకొంటివి,” అన్నాడు చెంగల్రాయన్. “నాకు గుర్తుండాది. కొత్త గౌను వేసుకొని వచ్చింది.”

“అక్క పెండ్లి చీర అది. రాత్రికి రాత్రే చించి, చేత్తో కుట్టింది. నేను పోయి వాకిట్లో నిలబడితే ఒక్క మాట అనలే. అట్నే ఎత్తుకొచ్చి నా చేతికిచ్చేసింది. ఇరవై తొమ్మిదేండ్లు ఆ మాట ఆమె ఎత్తలే, నేను ఎత్తలే.”

ఆర్తి నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. చేతులు తుడుచుకుంది. ఫోన్ తీసింది.

“ఏం చేస్తా ఉండావు?” అంది లోకేశ్వరి.

“పెద్దమ్మకు రిపోర్టు సంగతి చెప్పల్ల కదా.”

అటువైపు ఒక్క రింగుకే ఎత్తారు. పొద్దున్నుంచీ ఫోన్ చేతిలో పెట్టుకునే కూర్చున్నట్టుంది.

“పెద్దమ్మా, అమ్మకు ఏమీ లేదంట. మంచి గడ్డే అంట.”

అమ్మాయమ్మ ఊపిరి వదిలిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది. తర్వాత వెంకటేశ్వరుణ్ణి తలుచుకుంది, కాసేపు ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. చెల్లెల్ని నోటికొచ్చినట్టు ముద్దుగా తిట్టింది. ఆర్తి అన్నిటికీ ఊ కొట్టింది. మాటలైపోయాక కూడా ఫోన్ పెట్టలేదు; చీర చించి గౌను కుట్టిన ఆ రాత్రి గురించి ఎలా అడగాలో మాట వెతుక్కుంటోంది.

“ఏంది తల్లీ, ఇంకేమన్నా చెప్పల్లనా?” అంది అమ్మాయమ్మ.